నంబర్ ఉండాల్సిన చోటు

హలో… ఆ, నేనే, రోలీని. ఒక్క నిమిషం, ఈ గ్రైండర్ ఆపనీ… ఆ. ఇప్పుడు చెప్పు పిన్నీ.

…లేదు లేదు, నీ బండి దగ్గరే ఉన్నా.

…తిన్నా. …తిన్నానన్నాగా! నువ్వు పంపిన గసగసాల రొట్టె సగం నేనే మింగా. …మిగతా సగం పిల్లి. ఒట్టు. ఈ షెడ్డులో పిల్లి కూడా నీకు చుట్టమైపోయింది.

…బాగుంది పిన్నీ, బండి బాగా వస్తోంది. డిక్కీ మూత కింద అసలు రంగు దొరికింది, ఎండ తగలనిది. దానిమ్మ గింజ ఎరుపు. దాన్ని చూసే కొత్త రంగు కలిపించా. …ఆ, బాబాయి మొదటిసారి ఇంటికి తోలుకొచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే. చూస్తే నువ్వు ఏడుస్తావ్.

…ఫ్యాక్టరీ వాళ్ళు అడుగున సుద్దతో గీసిన గీతలుంటే వాటిని కూడా చెరపలేదు. చుట్టూతా కుంచెతో తుడిచా, గీత మీద చెయ్యి పడకుండా.

సరే, నీ గొంతేంటి అలా ఉంది? …ఆయాసపడుతున్నావ్. …మెట్లెక్కి పరిగెత్తావా? ఎందుకు?

…ఎవరొచ్చారు?

…ఏ నార్బర్ట్?

…మన నార్బర్ట్ గారా! క్లెమ్ బాబాయితో మాటల్లేని నార్బర్ట్ గారా? …మీ ఇంటికా?

…రేపు కదా నువ్వు రమ్మంది.

…ఆగలేకపోయాడా. ఆహా. …లోపలికి రానంటున్నాడా? ట్రక్కులోనే కూర్చున్నాడా? …అంతేలే ఆయన. బాబాయి పోయినప్పుడూ చర్చి లోపలికి రాలేదు. బయట మంచులో నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. నేను చూశా. పలకరించలేదు.

…ఇప్పుడా? …ఇద్దరూ ఇప్పుడే వస్తారా ఇక్కడికి?

పిన్నీ… ఇప్పుడొద్దు.

…అహ, అదేం లేదు. షెడ్డంతా చెత్తగా ఉంది. నేల మీద ఆయిలు. నువ్వు జారిపడ్డావంటే మళ్ళీ ఆసుపత్రి.

…వెలుతురు కూడా సరిగా లేదు ఈ మూల. …మిట్టమధ్యాహ్నమే అనుకో, అయినా…

…టార్చి ఆయనే తెచ్చుకున్నాడా. …అద్దం కూడానా. పుల్లకి కట్టిన ఆ బుల్లి అద్దం. …ఎందుకు తెలీదు, రాష్ట్రంలో పెద్ద పోటీలన్నిటికీ ఆయనే కదా తీర్పు చెప్పేది. ఆయన వంగి బండి కింద అద్దం పెడితే ఓనర్లకి చెమటలు పట్టేస్తాయి. డాక్టరు ముందు కూడా అంత భయపడరు.

…ఆ. ఏం చూపించాలో తెలుసు. ఇంజన్ మీద నంబర్.

…మర్చిపోలేదు. బండి నాకు అప్పజెప్పిన రోజే చెప్పావ్. 'ఇంజన్ విప్పాక ఆ రంగు గీకి, నంబర్ శుభ్రంగా తుడిచి ఉంచు రోలీ, నార్బర్ట్‌ని పిలుస్తా, తన కళ్ళతో తను చూసుకోవాలి' అన్నావ్. …ఆ, అచ్చంగా అవే మాటలు.

…అవును, అదొక్కటే ఆధారం. బండి నంబర్ని చూస్తే ఏ ఇంజన్‌తో బయటికొచ్చిందో తెలీదు ఈ షెవెల్ కార్ల‌కి. ఇంజన్ మీద కొట్టిన నంబర్ దాంతో కలవాలి. కలిస్తే ఫ్యాక్టరీది, కలవకపోతే కాదు. …కాయితమా? ఫ్యాక్టరీ వాళ్ళు పెట్రోల్ ట్యాంకు మీద పెట్టిన వివరాల కాయితంతో ఎలకలు ఎప్పుడో గూడు కట్టుకున్నాయి.

పిన్నీ, కూర్చున్నావా? …కూర్చో ముందు. …కుర్చీ లాక్కో, ఫోన్ వైరు సాగుతుందిలే.

ఆ నంబర్… లేదు.

…లేదంటే లేదు. పోయింది.

…లేత్ షాపులో. ఇంజన్ బ్లాకు పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటే మెషీన్ మీద పెట్టి చదును చేస్తారు. ఆ ముందు అంచునే కొట్టి ఉంటుంది నంబర్. ఆ కాస్త చోటు వదిలేసి మిగతాది కోయాలి. వదల్లేదు. మొత్తం నున్నగా అయిపోయింది, నీ వంటింటి బల్లలాగా.

…విన్స్ షాపులో. …ఆ… పొరపాటే. చూసుకోలేదు విన్స్.

…అరవకు పిన్నీ. చెవుడైనా బయట ఆయనకి వినబడుతుంది.

…అవును, విన్స్ ఆ పనిలో తలపండినవాడే. …తలపండినవాడి చెయ్యి జారదా ఏంటి?

…వద్దు. విన్స్‌కి ఫోన్ చెయ్యకు.

…వాళ్ళావిడ పూజలో నీ పక్కనే కూర్చుంటే మాత్రం? ఆమెనేం అంటావ్? …అలా అనకూడదు పిన్నీ, పాపం. …కడిగేస్తావా. …చర్చిలోనా!

పిన్నీ, ఆగు. విన్స్‌ని ఏమీ అనకు.

…నేనేం వెనకేసుకు రావట్లేదు—

…విన్స్ తప్పు కాదు!

…అరిచానా. క్షమించు.

…అబద్ధం చెప్పా నీకు. ఇప్పుడే, ఈ నోటితోనే.

విన్స్ అడిగాడు. బ్లాకు మెషీన్ మీదికెక్కించి, ఆ చోట టేపు ముక్క అంటించి, నాకు ఫోన్ చేశాడు. పాత బండి ఏదొచ్చినా వాళ్ళు అడక్కుండా బ్లేడు దించరు. 'ఇక్కడ వదిలేస్తున్నా రోలీ, సరేనా' అన్నాడు. నేను వద్దన్నా. టేపు పీకెయ్, మొత్తం తీసెయ్ అన్నా.

…మతి ఉండే అన్నా.

…నమ్మలేదు వాడు. 'నిజంగానా' అని మళ్ళీ అడిగాడు. చెప్పింది చెయ్యవయ్యా అని కసిరా. వాణ్ణి కసిరి, ఇప్పుడు వాడి మీదికే నెట్టా. నన్ను ఏమనాలి పిన్నీ?

…ఎందుకంటే అంతకుముందే నేను చూశా. రంగు గీకి, కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, చూశా.

కలవలేదు.

…ఒకటో రెండో అంకెలు కాదు. అసలు మన బండిది కాదు. వేరే ఏదో బండి నంబర్.

…నమ్మలేక అదే గుడ్డతో మళ్ళీ మళ్ళీ తుడిచి చూశా. బాబాయి ఎన్నిసార్లు చెప్పేవాడు! ఎవరొచ్చినా బానెట్ ఎత్తి, 'ఈ ఇంజన్ ఫ్యాక్టరీలో దీంతోపాటే పుట్టింది' అని. నాకు పానా పట్టుకోవడం నేర్పినవాడు పిన్నీ. నాకు మా నాన్న మాట మీద కూడా అంత నమ్మకం లేదు.

…నువ్వేమో నార్బర్ట్‌ని పిలుస్తా, నార్బర్ట్‌కి చూపిస్తా అంటున్నావ్. ఆయన అద్దం పెట్టి చూస్తాడు. నీ ముందే, 'నేనప్పుడే చెప్పానుగా, క్లెమ్ అబద్ధాలకోరని' అంటాడు. పోయినవాడు లేచొచ్చి ఏం చెప్పుకుంటాడు? నీ మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటేనే… అసలు నంబరే లేకపోతే? అవునని తేలదు, కాదని తేలదు. బాబాయి మాట అలా గాల్లో నిలబడిపోతుంది. అలా అనుకున్నా.

…ఆ, నీకు చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు.

…సుఖంగా ఏం లేను. దొంగ నంబర్లు కొట్టేవాళ్ళని నా షెడ్డు గడప తొక్కనివ్వలేదు నేను. లేనిదాన్ని కొట్టడానికీ ఉన్నదాన్ని చెరపడానికీ తేడా ఏముంది చెప్పు? సుద్ద గీతల్ని పసిబిడ్డల్లా చూసుకున్నవాణ్ణి, అసలుదాన్ని చేతులారా…

…

పిన్నీ? …ఉన్నావా?

…నవ్వుతున్నావా? …ఏడుస్తున్నావా? ఏదో ఒకటి తిన్నగా చెయ్యి, నాకు భయమేస్తోంది.

…ఏం తెలుసు?

…కలవదని నీకు ముందే తెలుసా!

…ఆగాగు. నిదానంగా చెప్పు. …బాబాయి నైట్ షిఫ్టులో ఉంటే… నువ్వు తాళాలు తీసుకుని… ఎక్కడికి?

…నది పక్క రోడ్డు మీదికి. ఊరికే. గాలి కోసం. …ఊఁ.

…ఎర్ర లైటు దగ్గర పక్కన ఇంకో బండి ఆగింది. …ఎవడు? …బేకరీ వాళ్ళబ్బాయి. …నీ వంక చూసి నవ్వాడు. 'మీ ఆయన బండి, అమ్మాయిగారూ, జాగ్రత్త' అన్నాడు.

…పిన్నీ, నువ్వు రేసాడావా!

…వాడు నవ్వితే మాత్రం? నవ్వితే ఇంజన్ పేల్చేస్తావా?

…ఆయిల్ లైటు వెలగలేదా? …వెలిగింది. చూశావా? …చూశావ్. చూసీ ఆపలేదు. …ముందున్నావ్ గనక. అమ్మ నా తల్లీ.

…రాడ్ విరిగి బ్లాకు పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చిందా. …నీ పిడికిలి పట్టేంత చిల్లు. …రోడ్డంతా ఆయిలు.

…ఇంతకీ గెలిచావా? …గెలిచావ్! …సరే సరే, నవ్వట్లేదు. నవ్వే టైమా ఇది.

…బాబాయి ఏమన్నాడు? …ఒక్క మాట అనలేదా. …నిజమే, ఆయనకి కోపమొస్తే ఈల వేసేవాడు. …రెండు రోజులు ఈల వేశాడా!

…పాత బళ్ళ యార్డులో యాక్సిడెంటైన షెవెల్‌ది ఇంకో ఇంజన్ తెచ్చి బిగించాడు. …ఎవరికీ తెలీకుండా. …మీ మామగారికి తెలిస్తే 'ఆడదానికి తాళం ఇస్తే ఇంతే' అంటాడని. …అనేవాడే ఆ ముసలాయన. కాఫీ కప్పు పగిలినా అదే మాట.

…ఆ రోజుల్లో నంబర్లెవడు చూసేవాడు. అవునులే.

…అంటే, 'దీంతోపాటే పుట్టిన ఇంజన్' అని ఆయన ఊరంతా చెప్పుకుంది నిన్ను దాచడానికా? …అంత గొప్పలు పోయిందీ నీ కోసమా?

…మరి చర్చి పిక్నిక్ రోజు? నార్బర్ట్ గారు బానెట్ కింద టార్చి వేసి, 'ఈ ఇంజన్ రంగు తేడాగా ఉంది క్లెమ్, ఫ్యాక్టరీ రంగు కాదు, కాస్త గీకి నంబర్ చూపించు' అన్న రోజు. బాబాయి బానెట్ దభీమని మూసి, 'నీకంత పెద్ద బండి లేదని కుళ్ళు' అన్నాడు, అందరి ముందూ. నాకు గుర్తుంది, పిక్నిక్‌కొచ్చినవాళ్ళంతా నవ్వారు.

…నువ్వూ ఉన్నావా అక్కడ? …పక్కనే. బంగాళాదుంప సలాడ్ గిన్నె పట్టుకుని.

…ఏమీ అనలేదు నువ్వు.

…ఊఁ.

…ఇద్దరూ ఒకే లైనులో పనిచేసినవాళ్ళు, ఒకే డబ్బాలో తిన్నవాళ్ళు. ఆ తర్వాత ఈయన కార్ల క్లబ్బు మానేశాడు. చర్చిలో మీ బెంచీ వదిలేసి వెనక స్తంభం చాటుకి వెళ్ళిపోయాడు. అందరూ ఆయన్నే అసూయపరుడన్నారు. నేనూ అన్నా పిన్నీ. ఆయన ట్రక్కు వెళ్తుంటే మూతి తిప్పుకునేవాణ్ణి.

…అయితే ఇవాళ… ఆగు. బాబాయి మాట నిజమని చూపించడానికి కాదా నువ్వు ఆయన్ని పిలిచింది?

…నార్బర్ట్ గారి మాట నిజమని చూపించడానికా.

…మరియమ్మ తల్లీ.

…నోటితో చెప్పేయొచ్చుగా పిన్నీ, నంబర్ దేనికి? …నమ్మడా. …'మొగుడు పోయి ఒంటరిదై, నాతో రాజీ పడ్డానికి ఏదో కల్లబొల్లి చెప్తోంది' అనుకుంటాడు. …అవునవును. కంటితో చూస్తే తప్ప నమ్మే మనిషి కాదు. ముందు నంబర్ చూపించి, ఆ తర్వాత నోరు విప్పుదామనుకున్నావ్. నంబర్ ముందు నిలబడితే నీకే ధైర్యం వస్తుందనుకున్నావ్.

దాన్ని నేను తుడిచిపెట్టించా.

…అనకు. 'పర్లేదు నాయనా' అనకు. తిట్టు నన్ను. విన్స్‌ని కడిగేస్తానన్నావే, ఆ తిట్లన్నీ నాకు పెట్టు. …నువ్వలా మెత్తగా మాట్లాడితే నా ప్రాణం ఇంకా చచ్చిపోతోంది.

బాబాయిని కాపాడుతున్నాననుకున్నా. ఆయనకెందుకు నా కాపలా? ఆయన పరువు పోయినా పర్లేదని నిన్ను కాపాడుకున్నాడు. నేను… నీ మొహం చూసి ఒక చేదు మాట చెప్పలేక, నార్బర్ట్ గారి నిజాన్ని ఇనప రజనుగా ఊడ్పించేశా.

…ఇంకేం ఆధారం లేదు. …ఇంజన్ పోత పోసిన తేదీ ఉంది పక్కన, కానీ అదీ మన బండి ఏడాదిదే, దాంతో ఏమీ తేలదు. …పాత బ్లాకు ఉంటే చాలు! చిల్లు పడ్డది. ఏం చేశాడు దాన్ని? …నదిలో తోసేశాడా. బాగుంది.

…మళ్ళీ కొట్టడమా?

…అంకెలు గుర్తున్నాయి. అంకెలు కొట్టే పంచులూ ఉన్నాయి, బీరువాలో. …లేదు పిన్నీ. ఆ పని చెయ్యను. …నిజం నంబరే, ఒప్పుకుంటా. కానీ ఇప్పుడు నేను కొడితే అది దొంగ నంబరే అవుతుంది. ఆయన ఒక్క చూపులో పట్టేస్తాడు. అప్పుడిక నువ్వు ఏం చెప్పినా వినడు, ట్రక్కు తిప్పుకుని పోతాడు. నిన్నూ నాతోపాటు దొంగని చేయలేను.

…ఇంకా అక్కడే ఉన్నాడా? …ఇంజన్ ఆపేశాడా ట్రక్కుది? …సరే.

ఫోన్ ఆయనకివ్వు.

…ఇవ్వు పిన్నీ.

…తెలుసు. ఆయన ఒక్క మాటంటే ఈ చుట్టుపక్కల ఎవడూ నా షెడ్డుకి బండి తేడు. 'రోలీ దగ్గరికెళ్తే నంబర్లు మాయమవుతాయి' అంటారు. …నిజమే కదా మరి, మాయం చేశాగా.

…అందుకే నమ్ముతాడు. నీ మీద ప్రేమతో అబద్ధమాడేవాడు తన పొట్ట తనే కొట్టుకోడు. ఆ మాత్రం ఆయనకి తెలుసు.

…నీ మాట నేను చెప్పను. రేసు సంగతి నీది. అది నువ్వే చెప్పాలి. నేను నాది చెప్తా.

…వైరు అందదా? సెల్ ఫోన్‌తో చెయ్యి మళ్ళీ. …వద్దులే, పెట్టావంటే నేను మళ్ళీ ఎత్తుతానో లేదో నాకే నమ్మకం లేదు. ఆయన్నే పిలువు. వంటింటి కిటికీ తెరువు, వైరు బయటికి లాగు. …ఆ, ఆ కిటికీయే.

…

వినబడుతోంది. …నువ్వు పిలిచేదీ వినబడుతోంది. ఇంకా గట్టిగా పిలువు, చెవుడు ఆయనకి.

…ట్రక్కు తలుపు చప్పుడు… వస్తున్నాడా?

…

హలో. నార్బర్ట్ గారా? నేను రోలీనండీ. బెర్నడీన్ వాళ్ళ అక్క కొడుకుని. …అవును, షెడ్డు నాదే.

…అవును, ఆ రోలీనే. మూతి తిప్పుకునేవాణ్ణి. …మీకు కనబడేదా? …క్షమించండి.

నార్బర్ట్ గారూ, మీరు చూడ్డానికొచ్చిన నంబర్ లేదండి. లేత్ షాపులో చదును చేసేశారు. నేనే చేయించా.

…పొరపాటు కాదు. తెలిసే చేయించా.

…వినండి ఒక్క నిమిషం. తిట్టండి, తర్వాత తిట్టండి. చేయించక ముందు నేను చూశా. కలవలేదు. ఆ ఇంజన్ ఆ బండిది కాదు. పిక్నిక్‌లో మీరన్న మాట నిజం. రంగూ తేడానే, నంబరూ తేడానే. మీరు కుళ్ళుకోలేదు. మీరు చూసింది చెప్పారు, అంతే.



…లేదండీ, పిన్ని చెప్పమనలేదు. ఆవిడ వద్దంది, నా పని పోతుందని. …సాక్ష్యం ఏం లేదు నా దగ్గర. విన్స్‌ని అడగండి, టేపు అంటించి మరీ అడిగితే నేను పీకించానని చెప్తాడు.

…అదే ఆలోచించండి. నంబర్ కలిసుంటే ఏ పిచ్చివాడైనా చెరిపిస్తాడా? కలిసుంటే దానికి పూలదండ వేసి, ఊళ్ళో అందరికంటే ముందు మీ ఇంటికొచ్చి, మీ మొహాన కొట్టినట్టు చూపించేవాణ్ణి. …అవును. మీకు తెలుసు, అలాంటివాణ్ణే నేను.

…

…ఇంకే బండికీ చెయ్యలేదు. …అడగాల్సిందే మీరు, అడగడం తప్పు కాదు. వచ్చి షెడ్డులో ఉన్నవన్నీ చూసుకోండి. …చెప్పండి, అందరికీ చెప్పండి. నేనేం కాదనను.

…ఏంటీ? …క్లెమ్ బాబాయి ఎందుకలా అన్నాడంటే… అది నేను చెప్పకూడదు. చెప్పాల్సినావిడ కిటికీ లోపల నిలబడి ఉంది.

…అవును. ఆవిడే.

…మీమీద కోపంతో కాదండీ ఆయన అన్నది. ఒట్టు. అంతవరకు చెప్పగలను.

…ఏడుస్తోందా? …మీరేంటి, మీరు కూడానా.

నార్బర్ట్ గారూ, ఆ కిటికీ దగ్గర నిలబడకండి. చుట్టూ తిరిగి తలుపు దగ్గరికెళ్ళండి. …తీసే ఉంటుంది, ఆ తలుపుకి గడియ ఎప్పుడూ వెయ్యదు. వెళ్ళి కూర్చోండి. ఆవిడ చెప్తుంటే మధ్యలో ఆపకండి. చివరిదాకా చెప్పనివ్వండి. నవ్వొస్తే నవ్వండి కూడా, ఆవిడేం అనుకోదు.

…నా సంగతా? నాకేం చెప్పకండి ఇవాళ. క్షమించానని మాత్రం అనకండి.

…ఊఁ. …ఊఁ. …సరే.

…లేదండీ, మీరే పెట్టేయండి. నాకు చెయ్యి రావట్లేదు.